కంప్యూటర్లో ఇంకో కంప్యూటర్, పది నిమిషాల పని

పెళ్లి చేసుకోబోయే ప్రతి మగవాడి చేతా ముందుగా ఒక లినక్స్ కంప్యూటర్లో వర్చువల్ మెషీన్ ఇన్‌స్టాల్ చేయించాలని నా ప్రతిపాదన. చేయగలిగాడా లేదా అన్నది ముఖ్యం కాదు. చేస్తున్నంతసేపూ ఇంట్లోవాళ్లతో ఎలా మాట్లాడాడో పిల్ల తరఫువాళ్లు ఓ మూల కుర్చీ వేసుకుని చూడాలి.

నవ్వకండి! నేను సీరియస్‌గానే చెబుతున్నాను.

మనుషుల్లో ఓర్పు పోయిందనీ, వినయం కరువైందనీ, ఇళ్లలో ప్రశాంతత లేదనీ రోజూ ఎవరో ఒకరు వాపోతూనే ఉన్నారు. ఈ మూడు రోగాలకీ మందు ఒక్కటే. అది ఉచితంగా దొరుకుతోంది కూడా. డౌన్‌లోడ్ చేసుకోవడమే తరువాయి!

తెలియనివారి కోసం రెండు మాటలు. లినక్స్ అంటే కంప్యూటర్ని నడిపించే ఒక ఉచిత సిస్టమ్. వర్చువల్ మెషీన్ అంటే, మీ కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్ని కాపురం పెట్టించడం. లినక్స్‌లో నడవని సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే, దాన్ని ఆ లోపలి కంప్యూటర్లో నడుపుకోవచ్చు. తాను ఉత్తుత్తిదన్న సంగతి లోపలిదానికి తెలియదు. తెలిసినవాళ్లం మనం ఏం సుఖపడ్డాం గనుక?

ఇప్పుడు నా అనుభవం చెబుతాను. మా ఆవిడ ఎంబ్రాయిడరీ చేస్తుంది. మా ముందు గదిలో గోడవైపు కంప్యూటరు, దానికి ఎదురుగోడ దగ్గర బల్లమీద ఆమె మెషీను. కంప్యూటర్లో ఆమె బొమ్మ గీస్తుంది, అది ఓ పొడుగాటి కేబుల్ గుండా మెషీన్‌కి వెళుతుంది, మెషీన్ టకటకమని కుట్టేస్తుంది. తొమ్మిదేళ్లుగా ఇదే వరస. ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నాకు అదే నచ్చలేదు.

ఈమధ్య ఒక ఆదివారం ఆమె దారం కొనడానికి బజారుకెళ్లింది. ఆ కాస్త వ్యవధిలో నేను కంప్యూటర్లోంచి పాత సిస్టమ్ పీకేసి లినక్స్ వేసేశాను. ఎందుకంటారా? అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాబట్టి! మన కంప్యూటర్ మీద సర్వాధికారాలూ మనవే! ఆమె బొమ్మల ఫైళ్లన్నీ ముందే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. నేనేమన్నా బాధ్యత తెలియనివాణ్ణా?

ఆమె దారపు కండెల సంచీ చంకలో పెట్టుకునే తెర వంక చూసింది.

"ఇదేంటండీ, కొత్తగా ఉంది?"

"నీ మంచికే మార్చాను. ఇంక వైరస్సులుండవు. స్లో అవడం ఉండదు. పూర్తి స్వేచ్ఛ!"

"స్వేచ్ఛ సరే. కుట్లు వేసే సాఫ్ట్‌వేర్ ఏదీ?"

అది లినక్స్‌లో నడవదు. ఆ సంగతి నేను ఆలోచించలేదని కొందరు నోరు పారేసుకుంటున్నారు. అబద్ధం! ఆలోచించాను. కాకపోతే తర్వాత ఆలోచించాను.

అంతలో ఆమె బల్లమీదున్న తెల్లకోట్ల కట్టలు చూపించింది. నూట నలభై మంది నర్సుల కోట్లు. ఒక్కో జేబు మీద ఆసుపత్రి ముద్ర, దాని కింద ఆ నర్సు పేరు. శుక్రవారం సాయంత్రానికి అందాలి. ఇన్నాళ్లూ రుమాళ్లూ దిండు గలీబులూ కుట్టుకున్న మనిషికి చేతికొచ్చిన మొదటి పెద్ద పని. హెడ్ నర్సు ఇంటికొచ్చి మరీ చెప్పి వెళ్లింది: "శనివారం పొద్దున్నే కొత్త వార్డు తెరుస్తున్నామమ్మా. ఆలస్యమైతే మాత్రం మళ్లీ మీ గడప తొక్కను."

పాత సిస్టమ్ తిరిగి వేసేస్తే గంటలో పోయేదానికి ఇంత గొడవెందుకని మీరడుగుతారు. ఆమె కూడా అదే అడిగింది. అయ్యా, వెనకడుగు వేయడం నా ఒంట్లో లేదు. పైగా అలా చేస్తే ఆదివారం నేను చేసింది తప్పని తేలిపోదూ?

అందుకని మా బావమరిదికి ఫోన్ చేశాను. అతను కంప్యూటర్లు బాగుచేస్తాడు.

"ఓస్, ఇంతేనా బావా! వర్చువల్ మెషీన్ వేసేసి దాంట్లో పాత సిస్టమ్ పెట్టెయ్. పది నిమిషాల పని."

సోమవారం ఆఫీసుకు సెలవు పెట్టాను. పది నిమిషాలకి సెలవెందుకంటారా? నిదానంగా చేద్దామని! ప్రోగ్రాం దిగింది, తెరుచుకుంది, మీట నొక్కగానే 'మీ ప్రాసెసర్‌లో ఫలానా సదుపాయం మూసి ఉంది' అంది. అది తెరవాలంటే కంప్యూటర్ పుట్టీపుట్టకముందే, ఆ రెప్పపాటులోనే, సరైన మీట నొక్కి దాని కడుపులోకి దూరాలి. ఏ మీట? ఒకడు ఎఫ్ టూ అంటాడు. ఇంకొకడు ఎఫ్ టెన్ అంటాడు. వేరొకడు డిలీట్ అంటాడు. పదకొండుసార్లు ఆపి, పదకొండుసార్లు వేస్తే పన్నెండోసారి దొరికింది. ఏ బడిలోనైనా సమయపాలన ఇంత బాగా నేర్పుతారా?

మంగళవారం వినయం నేర్చుకున్నాను. టెర్మినల్ అని ఒక నల్ల కిటికీ ఉంటుంది. దాంట్లో పాస్‌వర్డ్ కొడితే తెర మీద చుక్కయినా పడదు. కొట్టామో లేదో తెలియదు, కొడుతూనే ఉండాలి. కొట్టాక అది ఎర్రక్షరాలతో నలభై వరుసల తిట్టు పెడుతుంది. లినక్స్ గుండెకాయ కెర్నల్ ఒకటట, నేను దించిన మాడ్యూల్ అనే విడిముక్క ఇంకోదానిదట, రెంటికీ పొసగదట! పొసగేలా చేశాక, ఈ మాడ్యూల్‌కి సంతకం లేదు, లోపలికి రానివ్వను అంది. సంతకం చేయించాక రీస్టార్ట్‌లో నీలం తెర ఒకటి వచ్చి ఏదో అడిగింది. భయపడి 'కంటిన్యూ' నొక్కాను. అది నొక్కకూడదట. మళ్లీ మొదటికొచ్చింది. తలప్రాణం తోకకొచ్చిందంటే నమ్మండి!

ఇక్కడే ఒక విషయం మీ దృష్టికి తేవాలి. ఇంటర్నెట్‌లో ఫోరమ్‌లని ఉంటాయి. సరిగ్గా నా ఎర్రక్షరాలే ఆరేళ్ల కిందట ఒకడికి వచ్చాయి. వాడు దీనంగా అడిగాడు. ఎవరూ పలకలేదు. రెండు రోజుల తర్వాత వాడే కింద రాశాడు: 'సమస్య తీరిపోయింది. థాంక్స్.'

ఎలా తీరింది? చెప్పడు! ఎవరికి థాంక్స్? చెప్పడు! ఇలాంటివాళ్లు ఒకరా ఇద్దరా, అడుగడుగునా తగిలారు. ప్రతి ప్రశ్న కిందా ఇదే ముక్క. మనుషులా వీళ్లు? రాసిన ఆ నాలుగు ముక్కలకీ ఇంకో రెండు కలిపితే చేతులు పడిపోతాయా? వాళ్ల ఏడు తరాల్నీ కడిగిపారేశాను. కుర్చీలో కూర్చునే, పెద్దగా.

అయినా వర్చువల్ మెషీన్ వల్ల మా ఇంటికి ఎంత మేలు జరిగిందో చూడండి. సోమవారం పొద్దున మా ఆవిడ "అయిందా అండీ?" అనడిగింది. "పది నిమిషాలు" అన్నాను. మధ్యాహ్నం మళ్లీ అడిగింది. "పది నిమిషాలని చెప్పానా!" అన్నాను, కొంచెం గట్టిగా. అంతే, ఆ తర్వాత అడిగితే ఒట్టు! చడీ లేదు, చప్పుడు లేదు. పగలంతా ఇల్లు నిశ్శబ్దం. మధ్యాహ్నానికి అన్నం మూత పెట్టి ఉండేది, తినేవాణ్ణి. ఇన్నేళ్ల కాపురంలో రాని ఓర్పు ఆమెకు ఒక్క పూటలో వచ్చేసింది. ఇదంతా నా చలవే కదా అని లోపల్లోపల గర్వపడ్డాను కూడా.

బుధవారం మా అమ్మాయి కాలేజీకి పోతూ వెనక నుంచి "నాన్నా, అమ్మ మొన్న..." అంది.

"ఆగమ్మా, రీస్టార్ట్ అవుతోంది!"

ఆగింది. పిల్లకీ ఓర్పు వచ్చింది.

ఆ రోజు లోపలి కంప్యూటర్ కళ్లు తెరిచింది. తెర మధ్యలో పోస్టల్ స్టాంపంత కిటికీ. దాంట్లో పాత సిస్టమ్ వేస్తుంటే తొంభై శాతం దగ్గర చోటు చాలదని చేతులెత్తేసింది. నేనే పిసినారితనంగా చోటిచ్చానట. గురువారం పొద్దున మళ్లీ మొదలుపెట్టి, పదకొండింటికల్లా ఆ సాఫ్ట్‌వేర్ తెరిచి, పెన్‌డ్రైవ్‌లోంచి ఫైలు తీశాను. ఆసుపత్రి ముద్ర! ఆకుపచ్చ దారపు కుట్లతో సహా! కుర్చీలోంచి లేచి ఎగిరాను. చూసేవాళ్లెవరూ లేకపోయారు.

ఇక మిగిలింది కేబుల్ గుండా మెషీన్‌కి పంపడమే. 'మెషీన్ కనబడడం లేదు' అంది. నన్ను నేను ఏదో గ్రూపులో చేర్చుకోవాలట. చేర్చుకున్నాను. లాగౌట్ అయి లాగిన్ అయ్యాను. కేబుల్‌ని కంప్యూటర్ వెనక ఉన్న రంధ్రాలన్నిట్లోనూ మార్చి మార్చి పెట్టాను. కనబడడం లేదు. సాయంత్రం నాలుగింటికి సిగ్గు విడిచి ఫోరమ్‌లో నేనే ప్రశ్న పెట్టాను. ఎవడో మహానుభావుడు వెంటనే జవాబిచ్చాడు: 'మెషీన్ ప్లగ్ చేసి ఉందా?'

ఒళ్లు మండిపోయింది. నేనేమన్నా నిన్న పుట్టానా? కంప్యూటర్ లోపల కంప్యూటర్ నిలబెట్టినవాణ్ణి! అరపేజీ రాశాను. తొమ్మిదేళ్లుగా ఈ మెషీన్‌తో ఒకే గదిలో ఉంటున్నాననీ, ఇలాంటి ప్రశ్నలు చిన్నపిల్లల్ని అడగాలనీ రాశాను.

పంపించాక, ఎందుకైనా మంచిదని వెనక్కి తిరిగి బల్లమీద కప్పిన గుడ్డ ఎత్తాను.

గుడ్డ కింద తెల్లకోట్ల కట్ట ఒకటి ఉంది. మెషీన్ లేదు. కేబుల్ రెండో కొస కింద గచ్చు మీద పడి ఉంది.

అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయిని నిలదీశాను.

"సోమవారం మధ్యాహ్నమే ఆటోలో తీసుకెళ్లిపోయిందిగా నాన్నా! వీధి చివర టైలరత్తయ్య కొట్లో పాత కంప్యూటర్ ఉందిగా, సాఫ్ట్‌వేరూ పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లూ దాంట్లోకి ఎక్కించుకుని అక్కడే కుడుతోంది. చెప్పబోతే ఆగమన్నావ్."

నాలుగు రోజులు! నాలుగు రోజులపాటు నేను ఇంట్లో లేని మెషీన్‌కి దారి వేశాను. ఆ టకటక ఆగిపోతే దానికి ఓర్పని పేరు పెట్టుకున్నాను.

శుక్రవారం సాయంత్రం ఆమె ఖాళీ సంచీ ఊపుకుంటూ వచ్చింది. నూట నలభై కోట్లూ అందాయట. హెడ్ నర్సు ప్రతి పేరునీ వేలితో తడిమి చూసిందట. వచ్చే నెల డాక్టర్ల కోట్లు కూడా ఈమెకేనట. నాకు సంతోషమే. అయినా నోరు ఊరుకోదు కదా!

"అంత పెద్ద మెషీన్ని, నన్ను ఒక్క మాటైనా అడక్కుండా తీసుకెళ్లిపోతావా?"

ఆమె మంచినీళ్లు తాగడం ఆపింది.

"ఆదివారం మీరు నన్నడిగారా?"

ఆమె గ్లాసు కడిగి బోర్లించి, నవ్వుతూనే అంది: "మీ మంచికేలెండి. వెనకాల టకటక ఉంటే మీ పనికి అడ్డం కదా."

ఇప్పుడు మా కంప్యూటర్ చూడాలి మీరు! ఎనిమిది సెకన్లలో లేస్తుంది. లోపల ఒకటి, బయట ఒకటి, రెండు సిస్టములు. వైరస్ లేదు. సర్వాధికారాలూ నావే. కుట్లు వేసే సాఫ్ట్‌వేర్ పొద్దున్నే తెరిచి ఉంచుతాను. ఆమె తొమ్మిదింటికి చెప్పులేసుకుని కొట్టుకి వెళ్లిపోతుంది.

మెషీన్ ఇంటికి తెచ్చుకోమని నిన్న అడిగాను. నిజం చెప్పాలంటే బతిమాలాను. ఆ చప్పుడు లేకపోతే నాకు ఏ పనీ చేయబుద్ధి కావడం లేదు.

"చూద్దాం లెండి. అక్కడైతే నన్నడక్కుండా నా వస్తువులు ఎవరూ ముట్టుకోరు" అంది.

ఇవాళ ఫోరమ్ తెరిచాను. నేను అన్ని మాటలన్నా ఆ మహానుభావుడు మర్యాదగానే అడిగాడు: 'ఏమైందండీ? మెషీన్ కనబడిందా? ఎలా పరిష్కరించారో రాస్తే నలుగురికీ ఉపయోగపడుతుంది.'

జవాబు రాయబోయాను. ఆరేళ్ల కిందటి ఆ మనిషి గుర్తొచ్చాడు. పాపం, అతని ఇంట్లో ఏం జరిగిందో!

'సమస్య తీరిపోయింది. థాంక్స్' అని రాసి, కంప్యూటర్ కట్టేశాను.