ఇన్‌స్పెక్టరుగారింటి పిండి

ఆ రోజుకి ఫుడ్ ఇన్‌స్పెక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, రెండు రొట్టెలు తినాలి, పది గంటలకల్లా మార్కెట్ వీధిలోని బేకరీకి వెళ్లి, పై ఆఫీసరు ముందు దాన్ని మళ్లీ తెరవనివ్వాలో వద్దో తేల్చాలి. స్నానమూ చొక్కా అనుకున్నట్టే జరిగాయి. రొట్టెల దగ్గర వ్యవహారం అడ్డం తిరిగింది.

"ఏమండీ, ఒక్కసారి ఇలా రండి. పిండి కదులుతోంది," అని వంటింట్లోంచి భార్య పిలిచింది.

"పిండి ఎందుకు కదుల్తుంది? నీ చెయ్యి కదుల్తూ ఉంటుంది," అంటూ ఆయన బొత్తాలు పెట్టుకుంటూ వెళ్లాడు.

ఆవిడ చేతులు రెండూ నడుం మీదే ఉన్నాయి. డబ్బాలో మాత్రం, రాత్రి ఆవిడ గరిటెతో చదునుగా సర్ది మూత పెట్టిన పిండి మీద, ఇప్పుడు సన్నసన్నటి గుంటలు, గట్లు, దారులు పడి ఉన్నాయి. ఆయన జేబులోంచి భూతద్దం తీశాడు. అది ఆయన జేబులో లేని రోజు లేదు. మార్కెట్ వీధిలో ఆయన్ని వెనకాల అందరూ భూతద్దంగారనే అంటారు. ఉత్త కంటికి ధూళిలా ఉన్నది అద్దం కిందకు రాగానే కాళ్లు మొలిచి నడవసాగింది. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. పుదీనా వాసన! పిండిని నలిపితే పుదీనా వాసన వచ్చిందంటే కంటికి ఆనని పురుగు పట్టిందని అర్థం. ఆ సంగతి దుకాణాల వాళ్లకి వేలు చూపించి మరీ నేర్పింది ఆయనే.

ఆయన ఆ చిటికెడూ మళ్లీ డబ్బాలోకే దులిపేశాడు.

పిండికి పురుగు పట్టడం కొంప మునిగే సంగతేమీ కాదు, ఎవరింట్లోనైనా పడుతుంది. కానీ పోయిన నెల సరిగ్గా ఈ రకం పురుగే పట్టిందని ఆయన బేకరీకి తాళం వేయించాడు. బేకరీ ఆసామి ఆయన చేతులు పట్టుకుని, "వానలండీ, చెమ్మ. ఎంత జాగ్రత్తగా ఉన్నా పడతాయి. మీ ఇంట్లో మాత్రం పట్టవా?" అన్నాడు. వీధి వీధంతా వింటోంది, పై ఆఫీసరు పక్కనే ఉన్నాడు. నలుగురి ముందు నిలబడితే ఇన్‌స్పెక్టరుగారి నోటికి పగ్గాలుండవు. "నా వంటింట్లో ఇలాంటి పురుగు ఒక్కటి కనబడితే ఆ రోజే రాజీనామా పడేస్తాను," అనేసి చేతులు విడిపించుకున్నాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఇప్పుడు డబ్బాలోకి చూస్తే, పురుగుకొక్కటి చొప్పున రాజీనామాలు ఇవ్వాల్సి వస్తే సర్కారులో ఉన్న ఉద్యోగాలన్నీ కలిపినా చాలేట్టు లేవు.

"ఎక్కణ్ణుంచి వచ్చాయివి?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"ఎక్కణ్ణుంచేమిటి, మీ సంచిలోంచే. బేకరీకి తాళం వేసొచ్చిన రోజు, ఆ శాంపిల్ పొట్లాల సంచిని తెచ్చి సరిగ్గా పిండి డబ్బా పక్కన పెట్టారు. తియ్యండి బాబూ, తియ్యండి అని మొత్తుకున్నాను. విన్నారా?"

వినలేదు. ఆ రోజు చప్పట్ల మీద ఉన్న ధ్యాస ఇంకే మాట మీదా లేదు.

ఇంతలో అత్తగారు గుమ్మంలోకి వచ్చింది. మామూలుగా మాట్లాడినా అటు రెండిళ్లకీ ఇటు రెండిళ్లకీ వినబడే గొంతు ఆవిడది. "దీనికింత కంగారెందుకు అల్లుడుగారూ? పక్కింటావిడ కోళ్లు పెంచుతోందిగా, పిలిచి ఇచ్చేస్తే సరి! పురుగులంటే పడి చస్తాయవి!"

"అత్తయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, మెల్లగా!" అంటూ ఇన్‌స్పెక్టరు పరుగున వెళ్లి కిటికీ మూశాడు. "పెరట్లో పాతేద్దామా?"

"మేడ మీద అద్దెకున్నవాళ్లకి పెరడెక్కడిదండీ?" అంది భార్య.

"పోనీ సింకులో పోసేస్తే?"

"ముద్దకట్టి పైపు మూసుకుపోతుంది. ప్లంబర్ని పిలవాలి. అతను మార్కెట్ వీధిలోనే ఉంటాడు."

"చెత్తబండికి వేస్తే?"

"తడి ఏది పొడి ఏది అని బండివాడు గుమ్మం ముందే విప్పి చూస్తాడు."

ఇన్నేళ్లుగా ఆయన దుకాణాల్లోకి దొంగ సరుకు ఎలా వస్తుందా అని ఆలోచించాడే గానీ, ఇంట్లోంచి సరుకు దొంగతనంగా బయటికి ఎలా పోతుందో ఎన్నడూ ఆలోచించలేదు. చివరికి పిండిని రెండు కవర్లలో కట్టి, ఆఫీసు సంచిలో కుక్కి, జిప్పు లాగాడు. మార్కెట్ వీధి మొదట్లో పెద్ద చెత్తకుండీ ఉంది. దార్లో దాన్లో పడేసి చేతులు దులుపుకుంటే పీడా పోతుంది. "నువ్వు అలమారా అంతా వేడినీళ్లతో కడిగి చెమ్మ లేకుండా ఆరబెట్టు. ఎవరైనా అడిగితే రంగులు వేయిస్తున్నామని చెప్పు," అని భార్యకి చెప్పి మెట్లు దిగాడు.

కిందికి దిగి వీధిలో అడుగు పెట్టాడో లేదో, పైనుంచి అత్తగారి గొంతు వినబడింది. "అల్లుడుగారూ! పురుగులు సంచిలోనే ఉన్నాయా? మర్చిపోలేదు కదా?"

ఎదురింటాయన పేపరు దించి చూశాడు. "ఫైళ్లండీ, ఆఫీసు ఫైళ్లు!" అని ఎవరూ అడగని జవాబు చెప్పి ఇన్‌స్పెక్టరు అక్కణ్ణుంచి దాదాపు పరుగెత్తాడు.

చెత్తకుండీ దగ్గర నిలబడి ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, మళ్లీ అటు చూశాడు. దొంగపని బొత్తిగా అలవాటు లేని మనిషి కాబట్టి, చూసినవాడికల్లా దొంగలాగే కనబడ్డాడు. అప్పుడే కొట్టు తెరుస్తున్న కిరాణా ఆయన చీపురు పక్కన పెట్టి గబగబా వచ్చాడు.

"నమస్కారమండీ. పొద్దున్నే ఇక్కడ నిలబడ్డారేంటి?"

"ఏం లేదయ్యా. ఊరికే, కాస్త గాలి పీల్చుకుందామని."

చెత్తకుండీ దగ్గర గాలి పీల్చుకునే మనిషిని కిరాణా ఆయన ఇంతవరకూ చూడలేదు. అతని చూపు మెల్లగా సంచి మీదికి దిగింది. లోపల కవర్లు చిరిగాయేమో, జిప్పు సందులోంచి పిండి సన్నగా రాలుతోంది.

"శాంపిలాండీ?" అన్నాడు.

"ఆఁ... శాంపిలే."

"ఎవరి కొట్లోదండీ?"

"అది చెప్పకూడదు." ఈ ఒక్కమాటతో ఊరుకున్నా బాగుండేది. కంగారులో నోరు ఆగలేదు. "పదింటికి పై ఆఫీసరు కూడా వస్తున్నారు!"

కిరాణా ఆయన చీపురు అక్కడే వదిలేసి కొట్లోకి దూరాడు, ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. కానీ కళ్లు మాత్రం ఇన్‌స్పెక్టరు మీదే ఉంచాడు. ఆ కళ్ల ముందు సంచి విప్పే ధైర్యం లేక ఇన్‌స్పెక్టరు ముందుకు నడిచాడు. దుకాణాల వెనక సందులో ఇంకో కుండీ ఉంది. అటువైపు ఎవరూ రారు.

ఎవరూ రారని ఆయన అనుకున్నాడు. కానీ ఆయన వీధి చుట్టూ తిరిగి వెళ్లేలోపల వీధి మొత్తానికీ ఉప్పందింది. తనిఖీ అట, శాంపిల్ తీసేశారట, ఎవరిదో చెప్పరట, పై ఆఫీసరే వస్తున్నాడట! తమ పిండిలో పురుగు ఉందో లేదో తీరిగ్గా చూసుకునే ఓపిక ఎవరికుంటుంది? సందు మలుపు తిరిగేసరికి ఇన్‌స్పెక్టరు టక్కున ఆగిపోయాడు. మిఠాయి కొట్టాయన బస్తాని ఈడ్చుకొస్తున్నాడు. క్యాంటీన్ ఆవిడ డబ్బాని కుండీలో బోర్లిస్తోంది. కిరాణా ఆయన తన కొట్టు వెనక గుమ్మంలోంచి ఒక్కొక్క సంచీ విసురుతున్నాడు. సందంతా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో వాళ్లు ఆయన్ని చూశారు, ఆయన వాళ్లని చూశాడు.

"అన్నయ్యగారూ, ఒట్టు! నిన్నటిదాకా బాగానే ఉంది," అని క్యాంటీన్ ఆవిడ ముందుగా తేరుకుంది.

"మాదానికి అసలు పురుగే పట్టలేదండీ," అన్నాడు మిఠాయి కొట్టాయన. "పడుతుందేమోనని పారేస్తున్నాం."

"సరే సరే, మీరు వెళ్లండి. ఇక్కడ నేను చూసుకుంటాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు, వీళ్లు కదిలితే సంచి ఖాళీ చేసుకుందామని. ఆ మాట వాళ్లకి బెదిరింపులా వినబడింది. ఒక్కరూ కదల్లేదు. పైగా కుండీ నిండి పొర్లిపోతోంది, ఇంకో గుప్పెడు వేయడానికి కూడా చోటు లేదు. "బరువుగా ఉన్నట్టుంది, ఆ సంచి ఇలా ఇవ్వండి నేను పట్టుకుంటా," అని కిరాణా ఆయన మర్యాదగా చెయ్యి చాపాడు. సాక్ష్యం మాయం చేయబోతున్నాడని అందరికీ అర్థమైంది. ఇన్‌స్పెక్టరు సంచిని గుండెలకు హత్తుకున్నాడు. లోపల అవి నడుస్తున్నట్టూ, జిప్పు సందులోంచి చొక్కా మీదికి పాకుతున్నట్టూ ఒళ్లంతా ఒకటే జలదరింపు.

సరిగ్గా అప్పుడే, బేకరీకి పోతూ తెల్లటి దుమ్ము చూసి ఇటు తిరిగిన కారు సందు మొదట్లో ఆగింది. పై ఆఫీసరు దిగాడు. ఆయన వెనకే, దార్లో ఎక్కించుకొచ్చిన బేకరీ ఆసామి దిగాడు.

ఆఫీసరు కుండీని చూశాడు, బస్తాల్ని చూశాడు, తెల్లగా నిలబడ్డ జనాన్ని చూశాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "ఏమయ్యా! ఒక్క పొద్దులో వీధంతా పట్టేశావా? నిన్ను ఇక్కడ ఉంచడం తప్పయ్యా. పెద్ద ఇన్‌స్పెక్టరు ఖాళీకి నీ పేరే రాస్తున్నాను. ఆ సంచిలోది ఏంటి, శాంపిలా?"

"అంటే... అవునండీ... కాదండీ..."

ఆఫీసరు తనే జిప్పు లాగి, కవరు విప్పి, గుప్పెడు తీసి, ఇన్‌స్పెక్టరు జేబులోని భూతద్దం లాగి చూశాడు. "అబ్బో! నడుస్తున్నాయి. ఇది ఎవరి కొట్లోదో చెప్పు. లైసెన్సు ఇప్పుడే ఇక్కడే రద్దు చేస్తాను."

అందరూ తలలు దించుకున్నారు. తనది కాదని గట్టిగా చెప్పగల మనిషి అక్కడ ఒక్కడూ లేడు. బేకరీ ఆసామి ముందుకొచ్చాడు.

"నాదే అయ్యుంటుందండీ," అన్నాడు నీరసంగా. "పొద్దున్నే నేను లేనప్పుడు వచ్చి తీసి ఉంటారు. నెలరోజులుగా కడుగుతూనే ఉన్నాను. అరలు కడిగాను, గోడలు కడిగాను, నా వల్ల కావట్లేదు. రాసేసుకోండి, నేనింక ఆ తలుపులు తెరవను."

అతను చాపిన చేతులు బట్టలసోడా నీళ్లకి పగిలి ఎర్రగా ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు వాటిని చూశాడు. ఊరుకుంటే చాలు, పరువు నిలుస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది, పైగా ప్రమోషన్ కూడా. ఊరుకోవడం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. ఈసారి మాత్రం నోరు తెరవడానికి ఒంట్లో ఉన్న బలమంతా కావాల్సి వచ్చింది.

"అది మా ఇంటిదండీ," అన్నాడు.

"ఏంటీ?"

"మా వంటింటి పిండి. పారేద్దామని తెచ్చాను. పురుగులు మాత్రం ఈయనవే. తాళం వేసిన రోజు నా సంచిలో మా ఇంటికొచ్చాయి. నేనూ కావాలని తెచ్చుకోలేదు, ఈయనా కావాలని పెంచుకోలేదు." చొక్కాకి తగిలించుకున్న ఆఫీసు కార్డు ఊడదీసి పట్టుకున్నాడు. "అందరి ముందూ ఇచ్చిన మాట. రాజీనామా తీసుకోండి."

ఎవరూ నవ్వలేదు. క్యాంటీన్ ఆవిడ మాత్రం, "అయ్యో పాపం," అంది. ఆఫీసరు ఆయన భుజం పట్టుకుని కారు అవతలికి లాక్కెళ్లాడు. ఇక తిట్లు మొదలవుతాయని ఇన్‌స్పెక్టరు కళ్లు మూసుకున్నాడు.

"ఏమయ్యా," అన్నాడు ఆఫీసరు గుసగుసగా. "రాత్రి చదును చేసి పెడితే, పొద్దుటికి గుంటలు పడుతున్నాయా?"

"పడుతున్నాయండీ."

"నలిపితే పుదీనా వాసనొస్తుందా?"

"వస్తుందండీ. అదేగా గుర్తు."

ఆఫీసరు జేబురుమాలు తీసి నుదురు తుడుచుకున్నాడు. "ఈ మధ్య పిండిలో పుదీనా కలిపి అమ్ముతున్నారు కాబోలు, ఎంత బాగుందో అని మా ఆవిడ తెగ మెచ్చుకుంటోందయ్యా. పిల్లలు రెండేసి రొట్టెలు ఎక్కువ తింటున్నారు. నిన్న మా బావగారింటికి కూడా ఓ డబ్బా పంపాం."

"మరి నా రాజీనామా..."

"నువ్విస్తే నేనూ ఇవ్వాలి. నోరు మూసుకుని ఆ కార్డు తగిలించుకో."

ఆఫీసరు ఇవతలికి వచ్చి గొంతు సవరించుకున్నాడు. చెమ్మ కాలంలో ఇలాంటివి సహజమనీ, ఎవరినీ తప్పుపట్టాల్సిన పని లేదనీ, బేకరీ ఈ క్షణం నుంచే తెరుచుకోవచ్చనీ చెప్పి, అర్జెంటుగా ఇంటికి వెళ్లాల్సిన పని గుర్తొచ్చిందని కారెక్కేశాడు. బేకరీ ఆసామి కాసేపు నమ్మలేదు. నమ్మాక ఇన్‌స్పెక్టరు చేతులు పట్టుకున్నాడు. ఈసారి ఇన్‌స్పెక్టరు విడిపించుకోలేదు. ఇంత అవమానం జరిగినా ఒళ్లు ఇంత తేలిగ్గా ఎందుకుందో ఆయనకి అర్థం కాలేదు.

కాసేపటికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అలమారా కడగడం అయిపోయిందట, డబ్బా ఎండలో పెట్టిందట, వచ్చేటప్పుడు మంచి పిండి చూసి తెమ్మంది భార్య. వీధిలో బేకరీ తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, పొయ్యి వెలిగింది, దుకాణాలన్నీ తెరిచే ఉన్నాయి. పిండి మాత్రం వీధి మొత్తం మీద ఒక్క గుప్పెడు కూడా లేదు.