నోవాక్ వారి వల్ల కలిగిన మేళ్ళు

నా మనవరాలి ఇంటిపేరు నోవాక్. ఇది నాకు జరిగిన అన్యాయం. ఇందులో చర్చకు తావు లేదు.

నా పేరు కొత్తపల్లి ఆదిశేషు. ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వ సర్వేయరుగా గొలుసు పట్టి భూములు కొలిచాను. ఎవరి పొలం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో నేను చెబితే ఊరు ఒప్పుకునేది. అలాంటి నా ఇంటిపేరు న్యూజెర్సీ రాష్ట్రం పిస్కాటవేలో, ఒక ఆసుపత్రి ఫారం మీద, ఒక చిన్న గడి దగ్గర ఆగిపోయింది. హద్దురాయి పాతింది నా ఒక్కగానొక్క కూతురు రాగిణి. పక్కన నిలబడి సంతకం చేసింది అల్లుడు డేనియల్ నోవాక్.

అయినా పాఠకులారా, నేను న్యాయం తప్పే మనిషిని కాను. మూడు నెలలు ఆలోచించాను. ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను. తెలుగువాడి ఇంటికి తూర్పు ఐరోపా వైపు స్లావిక్ ఇంటిపేరు ఒకటి రావడాన్ని మించిన అదృష్టం లేదు! ప్రతి ఇంట్లోనూ ఒక నోవాక్ ఉండాలి. లేనివాళ్ళు వెంటనే తెచ్చుకోవాలి.

ఫోను సంగతే చూడండి. నా ఇంటిపేరు ఇంగ్లిషులో పది అక్షరాలు. ఇన్సూరెన్సు వాళ్ళకు ఫోన్ చేస్తే కె అంటే కైట్, ఓ అంటే ఆరెంజ్ అంటూ మొదలుపెడతాను. చివరి ఐ దగ్గరికి చేరేసరికి అవతలి అమ్మాయి మొదటి కె మర్చిపోతుంది. మళ్ళీ కైట్ ఎగరేయాలి. నాలుగు నిమిషాలు. మా అల్లుడు 'నోవాక్' అంటాడు. పని అయిపోతుంది.

డాక్టరు దగ్గర మరీ సుఖం. నర్సు తలుపు తీసి, చేతిలో కాగితం చూసి, ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం చూడగానే హాల్లో ఉన్న తెలుగువాళ్ళం నలుగురం ఒకేసారి లేచి నిలబడతాం. ఆ పేరు ఎవరిదో ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. నోవాక్‌కు ఈ కసరత్తు ఉందా?

గుడిలో పూజారి గోత్రం అడుగుతాడు. డేనియల్ నవ్వుతాడు. తెలియనివాళ్ళకు ఇచ్చే కాశ్యప గోత్రం వెంటనే ఇచ్చేస్తారు. మేం ఒక గోత్రం కాపాడుకోవడానికి వందల ఏళ్ళు పట్టింది. అతనికి కొబ్బరికాయ కొట్టేలోపు దొరికింది.

అన్నిటికంటే పెద్ద మేలు తెలుగు సంఘం విందులో కనబడింది. మనవాళ్ళు కొత్త మనిషి కనబడగానే ముందు పేరు అడుగుతారు, తర్వాత ఇంటిపేరు అడుగుతారు, తర్వాత ఏ జిల్లా అంటారు. ఎందుకు అడుగుతారో మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంటిపేరు వినగానే మనిషిని ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టాలో లెక్క తేలిపోతుంది. ఆ రోజు మా రాగిణిని అడిగారు. నోవాక్ అంది. అడిగినాయన ముఖం చూడాల్సింది! దారి తప్పినవాడిలా చేతిలో ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఒక్క మాటతో అంత పెద్ద శాస్త్రాన్ని మట్టి కరిపించిన ఇంటిపేరు ఇంకొకటి ఉంటే చూపించండి.

ఇక ఈ పేరు పుట్టుపూర్వోత్తరాలు. శత్రువుల భూమి అయినా సరే, కొలవకుండా వదలడం నా వృత్తిలో లేదు.

నోవాక్ అంటే కొత్తగా వచ్చినవాడు. అంతే! ఎక్కడినుంచో ఒకడు మూట నెత్తిన పెట్టుకుని ఊళ్ళోకి వస్తాడు. ఊరివాళ్ళు వాణ్ణి పేరు అడగరు. కొత్తోడు అంటారు. వాడు అక్కడే ముసలివాడై చచ్చినా కొత్తోడే. వాడి మునిమనవడూ కొత్తోడే. చెక్ దేశంలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు ఇదేనట. పోలండ్‌లోనూ ఇదే మొదటిది, సుమారు రెండు లక్షలమంది. స్లొవేనియా అనే చిన్న దేశంలోనూ ఇదే మొదటిది. మరి ఆ దేశాల్లో పాతవాళ్ళు ఎవరో ఎవరూ చెప్పలేరు. అక్కడినుంచి ఓడలెక్కి అమెరికా వచ్చి, పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో, ఒహాయో ఉక్కు మిల్లుల్లో మళ్ళీ మొదటినుంచి కొత్తవాళ్ళయ్యారు.

మా వీధిలో పద్నాలుగు ఇళ్ళు. తొమ్మిది తెలుగువాళ్ళవి. ఆరేళ్ళ కిందట దిగినవాళ్ళు నిరుడు దిగినవాళ్ళను చూసి, వీళ్ళు ఎక్కడినుంచి ఊడిపడుతున్నారో అంటున్నారు. ఆ పద్నాలుగు తలుపుల మీదా నోవాక్ అని బోర్డు పెడితే తప్పేముంది?

డేనియల్‌కు తన వంశం ఏడు తరాల దాకా తెలుసు. కార్పాతియన్ కొండల పక్కన ఊరి పేరు తెలుసు. చర్చి పుస్తకంలో ఏ పేజీలో ఉందో తెలుసు. అవన్నీ చెప్పి, మీ కొత్తపల్లి ఎక్కడ మామయ్యగారూ అని అడిగాడు. నేను దగ్గాను. ఆంధ్రలో, తెలంగాణలో జిల్లాకు నాలుగు కొత్తపల్లులున్నాయి. వాటిలో పదకొండింటిని నేనే కొలిచాను. మా వాళ్ళు ఏ కొత్తపల్లినుంచి వచ్చారో మా తాతకే తెలియదు.

పైగా రాగిణి ఊరుకోక, కొత్తపల్లి అంటే కొత్త ఊరని ఇంగ్లిషులో చెప్పింది. అల్లుడు ఎంత సంతోషించాడని! "అయితే మామయ్యగారూ, మీరూ నోవాకే" అన్నాడు. నేను టీవీ పెట్టుకున్నాను.

వాళ్ళలో ఒక లోపం మాత్రం పట్టుకున్నాను. వాళ్ళ పాత దేశంలో ఆడవాళ్ళ ఇంటిపేరుకు తోక తగిలిస్తారట. భర్త నోవాక్ అయితే భార్య నోవాకోవా. అమెరికాలో దిగాక ఆ తోక ఊడిపోయింది. ఇది విని నేను చాలాసేపు నవ్వాను. పెళ్ళయిన పాపానికి ఆడదాని పేరుతో ఆడుకోవడమా! మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా?

ఇంకో మేలు చెప్పకపోతే కళ్ళు పోతాయి. నా భార్య కామేశ్వరికి చివరి ఏడాది వారానికి మూడు రోజులు డయాలిసిస్. రాగిణికి ఆఫీసు. నాకు కారు నడపడం రాదు, నేర్చుకోలేదు. మా వియ్యపురాలు డొరొతీ నోవాక్ పక్కనే మాన్‌విల్‌లో ఉంటుంది. భర్త పోయి తొమ్మిదేళ్ళు. మంగళ, గురు, శనివారాలు ఆమే వచ్చి కామేశ్వరిని కారెక్కించుకుని వెళ్ళేది. కామేశ్వరికి వచ్చిన ఇంగ్లిషు గుప్పెడు. డొరొతీకి వచ్చిన తెలుగు 'చాలు', 'వద్దు'. దారంతా ఏం మాట్లాడుకుంటారులే అనుకునేవాణ్ణి. కామేశ్వరి పోయి పదహారు నెలలు.

పాప పుట్టాక నేను రెండు కోరికలు కోరాను. ఇంటిపేరు కొత్తపల్లి ఉండాలి, పేరు కామేశ్వరి ఉండాలి. రాగిణి నా ముఖం చూడకుండా, "నాన్నా, ఫామ్ ఆల్రెడీ సబ్మిట్ చేశాం" అంది. కాగితం తెప్పించి చూశాను. ఇషా భ్రమరాంబ నోవాక్.

భ్రమరాంబ! అది మా అమ్మ పేరు.

నేను ఒప్పుకుంటున్నాను, ఆ రోజు నాకు గర్వం కలిగింది. ముందు ఇషా అనే రెండక్షరాలు, వెనక నోవాక్ అనే కొత్తోడు. మధ్యలో మా అమ్మ, తాళం వేసిన పెట్టెలా. వీధి చివరిదాకా నడిచి, ఎదురైన ప్రతి తెలుగువాడికీ చెప్పాను. నేను చెబుతుంటే రాగిణి వంటింట్లోకి వెళ్ళిపోయేది. సంతోషం పట్టలేక అనుకున్నాను.

బారసాల ఇరవై ఒకటో రోజున కుదరలేదు. మూడో నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా హాల్లోనే పెట్టారు. డొరొతీ గోడంత చార్టు ఒకటి ఫ్రేము కట్టించి తెచ్చింది. ఎడమవైపు నోవాక్‌లు, కుడివైపు మేము, అడుగున పాప. ఎడమవైపు ఆడవాళ్ళందరి గళ్ళూ నిండి ఉన్నాయి. కుడివైపు మా ముత్తాత దాకా మగవాళ్ళ పేర్లు నేనే ఇచ్చాను. మా నాయనమ్మ గడి మాత్రం ఖాళీ. ఆమెను అందరూ నాయనమ్మ అనేవాళ్ళు. వేరే పేరు ఉంటుందని నాకు తట్టలేదు.

అప్పుడు నా సర్వేయరు కన్ను ఒక చోట ఆగింది. మా అమ్మ గడిలో భ్రమరాంబ అని ఉంది. కింద నా భార్య గడిలోనూ భ్రమరాంబ అనే ఉంది. రెండు పొలాలకు ఒకే సర్వే నంబరు! ఇలాంటి తప్పులు పట్టుకునే కదా నేను రిటైరయ్యాను. ఇరవైమంది చూస్తుండగా నోవాక్‌ల తప్పు మీద వేలు పెట్టాను.

"ఇక్కడ పొరపాటు జరిగింది డొరొతీ. ఇది మా అమ్మ పేరు. నా భార్య పేరు కామేశ్వరి."

ఆమె చార్టు వైపు చూడలేదు. నా వైపే చూసింది. నా పేరులో మొదటి సగమే వాడుతుంది ఆవిడ. ఆమె ఇంగ్లిషును తెలుగులో పెడుతున్నాను.

"పొరపాటు కాదు, ఆది. కామేశ్వరి అన్నది మీ అమ్మ పెట్టిన పేరు. మా చార్టులో ఆడవాళ్ళకు పుట్టినప్పటి పేరే రాస్తాం. నేను అడిగాను. కారులో చెప్పింది."

రాగిణి పాపను భుజం మార్చుకుని, "నాన్నా, మిడిల్ నేమ్ నాయనమ్మది కాదు. అమ్మది" అంది.

పాఠకులకు కొంచెం వివరం ఇవ్వాలి. మా పెళ్ళి 1979లో. పెళ్ళికూతురి పేరు భ్రమరాంబ. అత్తగారి పేరే కోడలికీ ఉంటే ఇంట్లో ఆ పిల్లను కేకేయడం ఎలా? కసరడం ఎలా? పీటల మీదే మార్చెయ్యమంది అమ్మ. పురోహితుడు కామేశ్వరి అన్నాడు. అప్పటికి మా ఇద్దరి మధ్య అడ్డుతెర పట్టి ఉంది. నన్ను అడిగారు. "ఏదైతేనేం, కానివ్వండి" అన్నాను. తెర అవతల కూర్చున్న మనిషిని ఎవరూ అడగలేదు. ఆమె పుట్టింటివాళ్ళు కొన్నాళ్ళు పాత పేరుతో పిలిచి, మా అమ్మ ముఖం చూసి మా ఎదుట మానేశారు.

అమ్మ 1993లో పోయింది. ఆ పేరు ఖాళీ అయింది. దాని అసలు హక్కుదారు ఆ తర్వాత ముప్పై ఏళ్ళు అదే ఇంట్లో తిరిగింది, నాకు కాఫీ ఇచ్చింది, మందులు ఇచ్చింది. తిరిగి అప్పగించాలని నాకు తోచలేదు. నేను మర్చిపోయానా? లేదు. అమ్మ పేరుగా గుర్తుంది.

హాల్లో అందరూ ఒక్కసారిగా కాఫీల మీద పడ్డారు. డొరొతీ నా పక్కకు వచ్చి కూర్చుంది.

"అత్తగారు పోయాక, ఎప్పుడైనా మా ఆయన ఆ పేరుతో పిలుస్తాడేమోనని చూశానంది."

నేను ఫ్రేము మూలలు లెక్కపెట్టాను.

"నేను పిలిచేదాన్ని. నాకు నోరు తిరిగేది కాదు. కారు ఆగేదాకా నవ్వేది."

కామేశ్వరి అంతసేపు నవ్వడం నేను చూడలేదు.

కాబట్టి నోవాక్‌ల మేళ్ళలో ఆఖరిది కూడా రాసేస్తాను. నా భార్యను ఆమె పేరు పెట్టి పిలిచిన చివరి మనిషి ఒక నోవాక్. ఒక ఇంటిపేరు కోసం నేను మూడు నెలలు ఇల్లు అదరగొట్టాను. ఆమె నలభై అయిదేళ్ళు నోరెత్తలేదు. నాతో చెప్పి ఉండాల్సింది. దీన్ని నేను క్షమించను. ఎవరిని అన్నది మీకు అనవసరం.

చార్టు హాల్లోనే వేలాడుతోంది. రెండు గళ్ళలోనూ ఒకే పేరు. దిద్దమని నేను అడగలేదు.

ఈ సంగతి ఇక నా నోట రాదు. ఇంట్లో రాదు, వీధిలో రాదు, ఈ పత్రికలో రాదు. సంఘం మీటింగులో ఎవరైనా కదిపితే, నా ఇంటిపేరు పది అక్షరాలూ కైట్ దగ్గరనుంచి ఒక్కొక్కటే చెప్పి, కుర్చీ లోపలికి తోసి, వెళ్ళిపోతాను.