తొలిగుక్క ముహూర్తం

పుట్టుక, పెళ్ళి, మరణం మాదిరిగానే, మనిషి మొదటిసారి మద్యం నోట పెట్టుకునే ఘడియ కూడా ప్రభుత్వానికి ముందుగా తెలిసి ఉండాలని మా వీబెక్ మునిసిపాలిటీ తీర్మానించింది. చెప్పాపెట్టకుండా తాగడం మొదలుపెట్టే పిల్లలున్న డెన్మార్కు, వేళాపాళా లేకుండా తిరిగే బస్సు లాంటిదని మేయరుగారు బాధపడ్డారు. (మా ఊరి బస్సు ఎప్పుడొస్తుందో చెప్పే విభాగం ఇంకా పెట్టలేదు. ఒక్కొక్కటిగా చేస్తారు.)

అంతకుముందు ఈ భారమంతా బళ్ళో తల్లిదండ్రుల సమావేశం మోసేది. పిల్లల కుర్చీల్లో, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, ఎండిపోయిన కేకు నములుతూ, పద్నాలుగేళ్ళకి చర్చిలో చేసే కన్ఫర్మేషన్ పండక్కి ముందా తరవాతా, బీరా వైనా అని పెద్దవాళ్ళు వాదులాడుకునేవారు. చివరికి పదహారేళ్ళు నిండేదాకా వద్దే వద్దని చేతులెత్తి తీర్మానించుకుని, ఇళ్ళకెళ్ళి ఎవరి పిల్లలకి వాళ్ళు పోసుకునేవారు. ఈ అరాచకాన్ని అంతమొందించడానికే తొలిగుక్క అంచనా విభాగం పుట్టింది.

విభాగం వారి యంత్రం ప్రతి కుటుంబాన్నీ బోలెడన్ని ప్రశ్నలు అడుగుతుంది. పిల్ల ఎవరితో తిరుగుతుంది, ఎన్నింటికి నిద్రపోతుంది, ఇంటికి చుట్టాలొస్తే మొదటి సీసా ఎంతసేపటికి తెరుస్తారు. (చివరి ప్రశ్నకు నేను 'మర్యాదగా' అని రాశాను.) ఆపైన ముహూర్తం ఫోనుకి వస్తుంది. ఇప్పటివరకూ ఒక్క అంచనా కూడా తప్పలేదని విభాగం ప్రకటించింది. ముహూర్తం నెలరోజుల ముందే తెలియడం వల్ల తల్లిదండ్రులు బల్ల సర్ది, గ్లాసులు కడిగి, పిల్లవాణ్ణి కూర్చోబెట్టి ఎదురు చూస్తారు. విజ్ఞానశాస్త్రానికి ప్రజల సహకారం అవసరం.

మా అమ్మాయి సిగ్రిడ్‌కి పదిహేనేళ్ళు. దానికి మే నెలలో ఒక ఆదివారం, మధ్యాహ్న భోజనం వేళకి పడింది.

"మేలోనా?" అన్నాడు పక్కింటి టోర్బెన్, కంచె మీదుగా. "మావాడికి మార్చిలోనే పడింది. పర్లేదులే, కంగారుపడకు. కొందరు పిల్లలకి మాటలు కూడా లేటుగానే వస్తాయి."

నాకు తల కొట్టేసినట్టయింది. అయినా అసలు చిక్కు టోర్బెన్ కాదు. ముహూర్తం దాటిపోయినా గుక్క వేయని పిల్లల్ని 'జాప్యం' కింద నమోదు చేసి, జూలై సెలవుల్లో కలివిడితనం నేర్పే తరగతులకు పంపుతారు. సిగ్రిడ్ జూలైలో తెరచాప పడవల శిబిరానికి వెళ్ళాలని శీతాకాలమంతా తపిస్తోంది. ముడులు వేయడం సాధన చేసి మా ఇంట్లో కర్టెన్ల తాళ్ళన్నీ తగలేసింది. ఒక్క గుక్క వేస్తే పడవలు, లేకపోతే తరగతులు. తండ్రిగా నా కర్తవ్యం చాలా స్పష్టంగా ఉంది.

ఆ ఆదివారం, పుట్టినరోజులకి చేసినట్టే, తోటలో స్తంభానికి డెన్మార్కు జెండా ఎగరేశాం. లోపల తెల్ల గుడ్డ పరిచిన బల్ల మీద చిన్న చిన్న కాగితం జెండాలు గుచ్చాం. నా భార్య లేనె, అందరికీ తెలిసిన పుట్టినరోజు బాణీలో తొమ్మిది చరణాల పాట కట్టి, ప్రతులు తీయించి పళ్ళేల పక్కన పెట్టింది. అత్తగారు ఎల్సె చేతిసంచిలో సొంత స్నాప్స్ సారా సీసాతో దిగింది. విభాగం నుంచి పరిశీలకుడు ప్రెబెన్ వచ్చి, గుమ్మం దగ్గర బూట్లు విప్పి, మేజోళ్ళతో ఒక మూల కూర్చున్నాడు. తనను లేనట్టే అనుకోమని చెప్పి రెండు మాంసం ఉండలు వడ్డించుకున్నాడు.

లేనె సిగ్రిడ్ తాగుతున్న పూల షర్బతు పక్కన చిన్న గ్లాసు పెట్టి స్నాప్స్ నింపింది.

"వద్దమ్మా, థాంక్స్," అంది సిగ్రిడ్ నవ్వుతూ.

"ఒక్క గుక్కే కదే."

"ఊరేసిన చేప బావుందమ్మా. ఉల్లిపాయలు నాన్న తరిగాడా?"

అత్తగారు మూతి ముడిచింది. "నీ వయసులో నేను ఇది తాగి, రేవు గోడ మీద తిన్నగా నడిచేదాన్ని. నా కడుపున పుట్టినదాని కూతురివై ఉండి ఆ పూల షర్బతేంటే? జలుబు చేసిందా?"

"అందరూ తాగుతున్నారమ్మా," అన్నాను నేను, వీలైనంత ఆధునికంగా. "టోర్బెన్ వాళ్ళబ్బాయి మార్చిలోనే కానిచ్చేశాడు."

"కానిచ్చేసి గడ్డి కోసే మిషన్ మీద కక్కాడు నాన్నా."

"అది వేరే సంగతి."

లేనె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నీకోసం ఇంత చేశాం. తొమ్మిది చరణాలు రాశాను. ఏడోది నువ్వు తాగితేగానీ పాడటానికి కుదరదు."

సిగ్రిడ్ ఫోర్కు కింద పెట్టి మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. కోపంగా ఏం లేదు. పరీక్షలో తెలిసిన ప్రశ్న వచ్చినట్టుంది మొహం.

"మీరు ముగ్గురూ అచ్చం పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడుతున్నారు తెలుసా? బళ్ళో మాకు పాఠం చెప్పారు. ఎవరైనా తాగమని వెంటపడితే ముందు నవ్వుతూ వద్దనాలంట. వినకపోతే మాట మార్చాలంట. 'ఒక్క గుక్కే', 'అందరూ తాగుతున్నారు', 'నీకోసం ఇంత చేశాం', ఇవన్నీ అంటారు, నమ్మకండి అని కూడా రాశారు."

"అప్పటికీ వదలకపోతే?" అంది అత్తగారు, నిజంగానే తెలుసుకోవాలని.

"లేచి వెళ్ళిపోవాలంట అమ్మమ్మా."

రుమాలు మడిచి బల్ల మీద పెట్టి, భోజనానికి థాంక్స్ చెప్పి, సైకిలెక్కి రేవు వైపు వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే నాకు ముచ్చటేసింది. ఇంత గట్టి పిల్లని ఎలా కన్నామా అని లేనె వైపు చూస్తే, ఆవిడ ఏడో చరణం వైపు చూస్తోంది. పోసిన గ్లాసు పారబోయడం పాపమని అత్తగారు గటుక్కున తాగేసింది.

నేను ప్రెబెన్ పక్కన చేరాను. "జాప్యం రాస్తారా? పిల్ల పడవల మీదే ప్రాణం పెట్టుకుంది."

ప్రెబెన్ తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు. "అక్కర్లేదండీ. ఆ పాఠం కూడా మా వాళ్ళదే. కింది అంతస్తు, నివారణ విభాగం. పై అంతస్తులో మేం తేదీ చెప్తాం, కింద వాళ్ళు వద్దనడం నేర్పుతారు. ఇలాంటివి నివారణలో విజయం కింద రాసి కిందికి పంపేస్తాం. మాది తప్పినట్టు కాదు, వాళ్ళది గెలిచినట్టు."

"అంటే శిబిరానికి వెళ్ళొచ్చా?"

"హాయిగా వెళ్ళొచ్చు. మీరు ఒక్క సంతకం పెట్టాలంతే."

గుండె మీంచి బండ దించినట్టయింది. అతను సంచిలోంచి తీసిన కాగితం ప్రకారం, సిగ్రిడ్ అనే బాలిక మద్యం తాగమని ఒత్తిడి చేసిన చెడు సావాసం నుంచి తనంతట తాను బయటపడింది. సావాసం జరిగిన చోటు అన్న గడిలో ప్రెబెన్ మా ఇంటి చిరునామా రాశాడు. పిన్‌కోడులో ఒక అంకె తప్పు పడితే నేనే దిద్దాను. ఒత్తిడి చేసినవారి పేర్ల దగ్గర అత్తగారు తన పేరు మొదట ఉండాలంది. ముగ్గురం సంతకాలు చేశాం.

చివర 'బాలికతో సంబంధం' అన్న గడి ఖాళీగా లేకపోవడంతో పెన్ను పట్టుకుని ఆగిపోయాను. అక్కడ రాయనక్కర్లేదన్నాడు ప్రెబెన్. వచ్చిన ప్రతి కాగితంలోనూ అదే మాట ఉంటోందని, చేతిరాత శ్రమ తగ్గించడానికి 'తల్లిదండ్రులు' అని ముందే అచ్చు వేయించేశారట.