ఇరవయ్యో బిళ్ల

భద్రగిరిపై వెలసి, చీకటిలో చిక్కినవారికి వెలుగైన సీతాసమేత శ్రీరామచంద్రునకు మ్రొక్కి ఈ కథ చెబుతున్నాను.

మణుగూరు అడవులకు ఆవల పసిడిగుట్ట అనే ఊళ్లో బంగారు గని మూతబడి పదేళ్లయింది. 1984 మాఘమాసంలో ఒక ఉదయం, ఆ గనిలో పూర్వం హాజరు వేసిన గుమాస్తా బసవపున్నయ్య రామనామం జపిస్తూ గనిద్వారానికి మామిడాకులు కట్టాడు. గనిని యాత్రికులకు తెరవాలో, సిమెంటు పోసి పూడ్చాలో తేల్చడానికి పదింటికి అధికారి వెంకటనారాయణ రావలసి ఉంది. తోరణం ఒక్కటీ చాలదనిపించి, బసవపున్నయ్య పాత ఇత్తడి బిళ్లలను చింతపండుతో తోమి, పంతొమ్మిదింటిని ద్వారం పక్కనున్న హాజరు బల్ల మేకులకు తగిలించాడు. ఇరవయ్యోదాన్ని అతిథికి కానుకగా జేబులో వేసుకున్నాడు.

గనిలో దిగేవాడు తన బిళ్లను మేకుకు తగిలించి దిగాలి, పైకి వచ్చాక తన చేత్తోనే తీసుకోవాలి. మేకున బిళ్ల ఉందంటే మనిషి లోపల ఉన్నట్లే. ముప్పై ఏళ్లు ద్వారం కాచిన హరిలాల్‌కు అది వేదవాక్కు. మేకలు తోలుకొస్తూ బల్లను చూసిన అతడు, అక్కడ ప్రమాద గంటగా వేలాడే రైలుపట్టా ముక్కను గణగణ మోగించాడు.

ఒకప్పుడు గనిలో పనిచేసినవాళ్ల తండా అంతా పరుగెత్తుకొచ్చింది. తన భర్తదైన పదకొండో బిళ్లను చూసి సక్రి కూలబడింది. "మా ఆయన లోపల్నే ఉన్నడు!"

వెనకాలే రొప్పుతూ వచ్చిన ఆమె భర్త బద్యా తెల్లబోయాడు. "ఏందే, నా బిళ్ల గీడుంటే నేనెట్ల పైనున్న?"

"గదే నేనడుగుతున్న" అంది సక్రి, అతణ్ణి తాకడానికి జంకుతూ.

"అందంగా ఉంటుందని నేనే తగిలించానయ్యా" అన్నాడు బసవపున్నయ్య.

"మనుషుల పాణాలను అందానికి తగిలిస్తరా సారూ?" అన్నాడు హరిలాల్.

ఆ మాటతో పాత పనివాళ్లు పంతొమ్మిదిమందీ ఎవరి బిళ్ల వారు లాక్కుని రొంటిన దోపుకున్నారు. బల్ల బోడిదైంది. అధికారికి చూపడానికి ఇంకేం మిగిలిందని బసవపున్నయ్య దిగులుపడ్డాడు. అంతలో మలుపు అవతలి నుంచి అధికారి జీపు డ్రైవరు కళ్లు నులుముకుంటూ వచ్చాడు.

"మా సారు ఎనిమిదింటికే, మీరెవ్వరు రాకముందే లోపలికి పోయిండు. ఎవ్వరికీ చెప్పొద్దన్నడు."

హరిలాల్ గిరుక్కున బోడి బల్లవైపు తిరిగాడు. "బిళ్ల లేకుండనా?"

బసవపున్నయ్య జేబులోని ఇరవయ్యో బిళ్లను ఇచ్చాడు. హరిలాల్ దాన్ని అధికారి పేరిట మేకుకు తగిలించాకనే లాంతరు వెలిగించాడు. లోపల గబ్బిలాల రెక్కల చప్పుడు, నీటి చుక్కల చప్పుడు, వాటి నడుమ సన్నని మూలుగు. బసవపున్నయ్య రామనామం గట్టిగా అందుకున్నాడు. ఆరిన టార్చితో, మెరిసే రాళ్లు నింపిన జేబులతో, అధికారి ఒక మూల ముడుచుకుని ఉన్నాడు.

"గది కాకిబంగారం సారూ, మా పిల్లలు ఆడుకుంటరు" అని హరిలాల్ ఆయనను లేవనెత్తాడు.

"గంట వినబడింది. నా కోసమే కొట్టారా?" అన్నాడాయన, కన్నీళ్లతో.

బసవపున్నయ్య మనసులో రాముణ్ణి క్షమాపణ వేడుకుని, "మీ కోసమేనండీ" అన్నాడు.

అధికారి అక్కడికక్కడే గని తెరవాలని రాసి, సంతకం చేసి, వెనుదిరిగి చూడకుండా జీపెక్కాడు. మేకునున్న తన బిళ్లను తీసుకోనేలేదు. నేటికీ వచ్చే యాత్రికులకు హరిలాల్ దాన్ని చూపి, ఆయనింకా పైకి రాలేదని చెబుతాడు.

ఈ కథ విన్నవారందరూ ఎంత చీకట్లోకి వెళ్లినా క్షేమంగా ఇల్లు చేరుదురుగాక.