జాషువా బూట్లు, సలీం పెడళ్లు

ములకలపల్లిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసే జాషువాకు ఆ శనివారం ఉదయం ఒకటే పట్టుదల: బూట్లు మార్చుకోవడంలో ఒక్క క్షణం కూడా పోకూడదు. ఆ రోజు డ్యుయథ్లాన్. అంటే కాసేపు పరుగు, కాసేపు సైకిలు, మళ్ళీ పరుగు. నిరుడు మధ్యలో కూర్చుని లేసుల చిక్కుముడి విప్పుకుంటుంటే అందరూ దాటిపోయారు. ఈసారి కూడా ఆఖరివాడైతే సైకిలు తన తమ్ముడికి ఇచ్చేస్తానని భార్య స్తుతి ఖరాఖండిగా చెప్పేసింది. ఆమె మాటంటే మాటే.

అందుకే ఫోన్లో వీడియోలు చూసి, బూటు అడుగున బిగుసుకునే కొత్తరకం పెడళ్లు వేయించి, వాటికి సరిపడే బూట్లు కొన్నాడు. బూట్లను ముందే పెడళ్లకు తగిలించి, వేలాడకుండా రబ్బరు బ్యాండ్లతో సైకిలుకు కట్టాలి. ఉత్త కాళ్లతో ఎక్కి, సైకిలు కదులుతుండగానే కాళ్లు బూట్లలోకి దూర్చాలి. సాధనలో పదకొండుసార్లు పడ్డాడు. పన్నెండోసారి పడలేదు, గోడ అడ్డొచ్చింది.

"నేను ఉరుక్కుంట గ్రౌండుకు పోతున్న. నువ్వు కోటేష్ ఆటోల సైకిల్ పట్టుకరా. పెడళ్లు, బూట్లు మాత్రం విడదీయకు," అన్నాడు.

"నీ బూట్లు నాకెందుకు? పో," అంది స్తుతి ఉప్మా కలుపుతూ.

అల్లుడి పందెం చూద్దామని పినపాక నుంచి వచ్చిన మరియ, చాయ్ గ్లాసుతో వరండాలోకి వచ్చి సైకిలు చూసింది.

"బిడ్డా, గిదేంది? అల్లుడు దిష్టికి చెప్పులు కట్టిండా?"

లారీలకు పాత చెప్పు కట్టడం ఆమె చూసిందే. విశ్వాసుల ఇంట్లో చూడటం మాత్రం ఇదే మొదలు.

"దిష్టికి కాదమ్మా, జల్దీ తొడుక్కోనీకి."

"కట్టేసిన చెప్పులు జల్దీ ఎట్ల తొడుక్కుంటరే?"

"అది ఆయన్నే అడుగు," అంది స్తుతి.

"పాస్టరయ్యగారు ఇప్పుడే ప్రార్థనకు వస్తరు. చూస్తే పరువుంటదా?" అంటూ మరియ బ్యాండ్లు కోసేసి బూటు పట్టి లాగింది. రాలేదు. స్తుతి కూడా లాగింది. ఉప్మా మాడింది. మడమ పక్కకు తిప్పితే బూటు ఊడుతుందన్న కిటుకు ఒక్క జాషువాకే తెలుసు. ఎదురుగా సైకిలు షాపు తెరుస్తున్న సలీంను పిలిస్తే, అతనూ లాగి వెల్లకిలా పడ్డాడు.

"ఊడ్తలేవమ్మా."

"అయ్యగారి బండి సప్పుడు ఇనవడుతున్నది. ఏదో ఒకటి చెయ్ నాయనా."

"ఆయన విడదీయొద్దన్నడు," అని స్తుతి గుర్తుచేసింది.

"విడదీయనక్కా," అని సలీం పానా తెచ్చి, బూట్లతో సహా పెడళ్లనే ఊడదీశాడు. వాటి స్థానంలో పాలవాళ్ల సైకిలుకుండే వెడల్పాటి ఇనుప పెడళ్లు బిగించాడు. పాస్టరు సంసోను వచ్చి, సీటు మీద చెయ్యి పెట్టి తీరిగ్గా ప్రార్థించాడు. ఆమెన్ అయ్యి ఆటో గ్రౌండు చేరేసరికి పరుగు మొదలైపోయింది.

పరుగు ముగించి పన్నెండోవాడిగా వచ్చిన జాషువా సైకిలు చూసి కొయ్యబారిపోయాడు.

"స్తుతీ, బూట్లేయి?"

"సలీం కాడ. పెడళ్లతోనే ఉన్నయ్. విడదీయలే."

ఏడవడానికీ వ్యవధి లేదు. పరుగు బూట్లతోనే ఎక్కి తొక్కాడు. వెడల్పాటి ఇనుప పెడళ్ల మీద కాళ్లు జారనేలేదు. వెనక్కి తిరిగి చూస్తే, నిరుడు గెలిచిన ఖాలిద్ ఇంకా సైకిలు బూట్ల పట్టీలు బిగించుకుంటున్నాడు. అవే వీడియోలు చూసొచ్చిన మరో ఇద్దరు ఉత్త కాళ్లతో ఎగిరి ఒకరి మీద ఒకరు పడ్డారు. సైకిలు దిగాక కూడా అందరూ బూట్లు మార్చుకుంటుంటే జాషువా పరుగు ఆపనేలేదు. మూడోవాడిగా చేరాడు. స్తుతి అందరిముందూ ఈల వేసింది. జాషువాకు పెళ్లినాటి సంతోషం కలిగింది.

"భాయ్, ఏం పెడళ్లు, ఏం బూట్లు? లింక్ పంపు," అన్నాడు ఖాలిద్.

"పాలోళ్ల సైకిల్‌వి."

చెప్పడం ఇష్టంలేక దాస్తున్నాడని ఖాలిద్ నొచ్చుకున్నాడు. ప్రార్థన ఫలించిందని మరియ వీధంతా చెప్పింది. తమ్ముడి మాట స్తుతి మళ్ళీ ఎత్తలేదు.

సాయంత్రం జాషువా బూట్ల కోసం సలీం షాపుకు వెళ్లాడు. అవి పెడళ్లతో సహా షట్టరు పైన దిష్టి చెప్పుల్లా వేలాడుతున్నాయి.

"పొద్దున తగిలించిన అన్నా. అప్పటిసంది గిరాకీ ఆగుతలేదు. పందెం చూసినోళ్లందరికీ నీ అసొంటి ఇనుప పెడళ్లే కావాలంట. ఇప్పుడు తీస్తే నజర్ తగుల్తది," అన్నాడు సలీం.

కొన్నప్పటి నుంచి ఆ బూట్లు ఒకరికి పనికిరావడం అదే మొదటిసారి.