మా ఊరి బాత్రూములు జారుతున్నాయి

డ్రగ్స్ సమస్యను మా ఊరు జయించింది! నమ్మరా? అంబులెన్సులో రోగి పక్కన కూర్చునే ఉద్యోగం నాది, నాకు తెలియదా? కొత్త రూల్ వచ్చాక ఓవర్‌డోస్ అంటూ ఒక్క ఫోనూ రాలేదు. బాత్రూముల్లో కాలు జారేవాళ్లు మాత్రం వీధికొకరు తయారయ్యారు.

రూల్ చాలా సింపుల్. ఫోన్‌లో డ్రగ్స్ అన్న మాట వినబడితే, పోలీసులు వచ్చేదాకా మేం వీధి మలుపులోనే ఆగాలి. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. రూల్ అంటే నాకు తగని గౌరవం. ఆగుతాం. ఊపిరాడనివాడికి మాత్రం కాస్త ఓపిక అలవాటు కావద్దూ?

జనం తెలివీ పెరిగింది. ఒక తాతగారు మనవడికి వడదెబ్బ తగిలిందన్నారు. గొడుగు పట్టి మరీ మమ్మల్ని లోపలికి తీసుకెళ్లారు!

మొన్న ఒకమ్మాయి, తమ్ముడు బాత్రూములో జారిపడ్డాడని పిలిచింది. వెళ్లాం. మంచానికీ గోడకీ మధ్య పడి ఉన్నాడు, పెదవులు నీలంగా. బట్టలు పొడి. బాత్రూమూ పొడే. అయినా జారిపడ్డవాడికి చెయ్యాల్సిన మర్యాద చెయ్యాలి కదా? మెడకు పట్టీ వేశాను. తలమీద గాయం కోసం వెతికాను. మా డ్రైవర్ కుర్రాడి ముక్కుకు మాస్కు పెట్టి బ్యాగుతో గాలి కొడుతున్నాడు.

ఏం తీసుకున్నాడమ్మా అని అడిగాను. తలుపు వంక చూసింది.

“మీతో చెబితే ఎవరితో చెప్పినట్టు?”

“రూల్ ప్రకారం పోలీసులతో” అన్నాను. అబద్ధం నాకు చేతకాదు.

ఆలోచించుకుంది. తమ్ముడు జైల్లో ఉండటమా, అసలు లేకపోవడమా? ఇంత తీరిగ్గా ఆలోచించే అవకాశం ఏ ప్రభుత్వం ఇస్తుంది చెప్పండి! చివరికి గోడవైపు తిరిగి మత్తుమందు పేరు చెప్పింది. దానికి విరుగుడు మా సంచిలోనే ఉంది. సూది పడ్డాక కుర్రాడు దగ్గాడు, కళ్లు తెరిచాడు. కబురు వెళ్లింది, పోలీసాయన వచ్చి స్ట్రెచర్ పక్కనే కూర్చున్నాడు. అంతా సక్రమం.

అధికారులకు ముందస్తు అభినందనలు. ఆ ఇంటి నుంచి మాకు మళ్లీ ఫోన్ రాదు. వ్యాన్ తలుపు వేస్తుంటే ఆ అమ్మాయి దగ్గరికొచ్చి, మొహాన నీళ్లు చల్లితే లేస్తాడా అని మెల్లగా అడిగింది. లేవడని చెప్పాను.

“అయితే ఈసారి మిమ్మల్ని పిలవకుండా ఏం చెయ్యాలో చెప్పి వెళ్లండన్నా” అంది.