ఉమ్మిపాత్ర సాక్షిగా

మే నెలలో ఒక శనివారం సొనోమా వైన్ తోటలకు వెళ్లి, ఏ హడావుడీ లేకుండా, అతి ప్రశాంతంగా గడపాలని పెటలూమా పట్టణానికి చెందిన రెండు జంటలు ఏకగ్రీవంగా తీర్మానించాయి. ముందస్తు ఏర్పాట్లు లేనిదే ప్రశాంతత దొరకదు కనుక, ఫిబ్రవరి నుంచే సమావేశాలు మొదలయ్యాయి.

అధ్యక్షురాలు మార్నీ. విశ్రాంతికి కూడా అలారం పెట్టుకునే మనిషి. ఉపన్యాసాల శాఖ ఆవిడ భర్త ఆర్లోది, ఫలహారాల శాఖ స్నేహితురాలు కొరీన్‌ది. కొరీన్ మొగుడు వర్జిల్‌కి వేరే శాఖ ఇవ్వలేదు. కారు నడిపేది ఎప్పుడూ ఆయనే. జీవితమంతా స్కూలు బస్సు నడిపి రిటైరైనవాడికి స్టీరింగు ముందు కూర్చోవడం కంటే సుఖమేముంటుందని మిత్రుల నమ్మకం. ఏటా అందర్నీ ఆ తోటలకు తీసుకెళ్లి, తాను మంచినీళ్లు తాగి, భద్రంగా వెనక్కి తెచ్చే వర్జిల్‌కి అక్కడి వైన్ రుచి మాత్రం తెలియదు.

మార్చి సమావేశంలో ఆయన గొంతు సవరించుకున్నాడు.

“ఈసారి నేనూ తాగుతాను. చెట్టు కింద కూర్చుని, ఒక్క గ్లాసు.”

“ఒంట్లో బాగానే ఉందా నీకు?” అంది కొరీన్.

ఆర్లో లేచి నిలబడ్డాడు. “మిత్రమా! తాగడానికేం, ఎవడైనా తాగుతాడు. ఆ కొండ మలుపుల్లో నీలా బండి తిప్పేవాడేడీ? నీ చేతిలో మా ప్రాణాలే కాదు, మా సంస్కృతి కూడా ఉంది!”

“మరి నీ చేతికేమైందోయ్?” అన్నాడు వర్జిల్.

అద్దె డ్రైవరు ప్రతిపాదన వీగిపోయింది. పరాయి మనిషి ముందు ప్రశాంతంగా ఉండలేరట. చివరికి మార్నీయే దారి చూపింది. నిపుణులు వైన్‌ని పుక్కిలించి, బల్లమీద ఉంచిన పాత్రలో ఉమ్మేస్తారు కదా, మనమూ అలాగే చేద్దాం. మత్తెక్కదు కనుక సాయంత్రం ఆర్లో నడుపుతాడు, వర్జిల్ తన గ్లాసు తాను తాగుతాడు. అందరూ గంభీరంగా మాటిచ్చారు.

ఆ శనివారం ప్రశాంతత కోసం తెల్లారకముందే పరుగు మొదలైంది. మొదటి టేస్టింగ్ రూమ్‌లో వైన్ పోసే అమ్మాయి, ఇందులో వానకు తడిసిన రాయి, గుర్రపు జీను రుచులు తెలుస్తాయని చెప్పింది. ఎన్నడూ జీను నమిలి ఎరగని ఆర్లో, అచ్చం జీనేనని ధ్రువీకరించాడు. వర్జిల్ నిజాయితీగా ఉమ్మేశాడు. మిగతా ముగ్గురూ కళ్లు మూసుకుని మింగారు.

“మొదటి గుక్క ఉమ్మితే తోటవాళ్లని అవమానించినట్టు కదయ్యా,” అంది మార్నీ. రెండో గుక్క పాతకాలపు వైన్, ఉమ్మితే చరిత్రకు అవమానం. ఆ తర్వాతి గుక్కలకు కారణాలు అడిగినవాళ్లు లేరు.

రెండో చోట సీసాలు కొనడం కూడా అయ్యాక, ఆర్లో ఒక పీపాను కౌగిలించుకుని “తమ్ముడూ” అంటున్నాడు. వర్జిల్ పాత్రలోకి తొంగిచూశాడు. అందులో ఉన్నదంతా ఆయనదే. తాళంచెవి ఆ పాత్ర పక్కన పెట్టి, నిండు గ్లాసు పోయించుకుని ఓక్ చెట్టు కింద కూర్చున్నాడు. తీరిగ్గా తాగి, ఇంకొకటి తెచ్చుకున్నాడు. ఆ లోయలో రోడ్డు కాక తీగలు, పిట్టలు, ఎండ కూడా ఉన్నాయని అప్పుడే చూశాడు. ప్రాణానికి హాయిగా ఉంది. టోపీ మొహమ్మీద వేసుకుని నిద్రపోయాడు.

ఇక బండి నడిపే స్థితిలో ఎవరూ లేరు. తర్వాతి రిజర్వేషన్లన్నీ మురిగిపోయాయి. సాయంత్రం టాక్సీ దొరికేదాకా ముగ్గురూ ఆ చల్లని నీడలో, ఏ పనీ లేకుండా, తోటను చూస్తూ కూర్చోవలసి వచ్చింది. అన్ని నెలల ప్రణాళికలో ఇంతటి విపత్తును ఎవరూ ఊహించలేదు.

“ఊరికే కూర్చోడానికా ఇంత దూరం వచ్చాం?” అని మార్నీ కళ్లు తుడుచుకుంది.

మర్నాడు కారు తెచ్చుకున్నారు. వారం తిరక్కుండా వర్జిల్ ఇంట్లో ముగ్గురూ ఆయన చుట్టూ కూర్చున్నారు. ఆయనకు మంచినీళ్లు ఇచ్చి, ఇంత బరువైన విషయం పొడిగొంతుతో మాట్లాడలేక, తాము మాత్రం తోటలో కొన్న సీసాలు తెరిచారు.

“ప్రేమ కొద్దీ చెబుతున్నాం, వర్జిల్,” అన్నాడు ఆర్లో, గ్లాసు మళ్లీ నింపుకుంటూ. “నీకు తాగుడు సమస్య ఉంది.”

కొరీన్ వెక్కి వెక్కి ఏడ్చింది. సీసాలన్నీ ఖాళీ అయ్యేసరికి వర్జిల్ ఇక ముట్టనని ఒట్టు వేశాడు. అందరూ ఆయన్ని కౌగిలించుకుని, ఆయన ఆరోగ్యం కోసం ఆఖరి గ్లాసు తాగారు. తర్వాత మార్నీనీ ఆర్లోనీ ఇంటి దగ్గర దింపడానికి వర్జిల్ కారు తీశాడు. తాగుడు ఎంత మంచి మనిషినైనా ఎలా పాడుచేస్తుందో అని వెనక సీట్లో ఇద్దరూ దారి పొడుగునా బాధపడ్డారు.